అమ్మే బండికి మామూలు ఆయిల్

కళ్యాణదుర్గం రోడ్డులో షెడ్డు ముందర కారు నిలిపి ఆమె దిగింది. మెకానిక్ బానెట్ ఎత్తినాడు.

“మామూలు ఆయిలే పోస్తానమ్మా.”

“సింథటిక్ పొయ్యన్నా.”

“అది శానా దినాలు తిరిగే బండికి. అమ్మేసే బండికి ఎందుకు?”

“అమ్ముతామని ఎవురు చెప్పినారు?”

“మీ బావే. మా తమ్ముడే సచ్చిపోయినాడు, ఇంగ కారు నడిపేవాళ్లు యాడుండారు అన్నాడు.”

“ఇప్పుడు ఈడికి ఎవురు నడుపుకొని వచ్చినారన్నా?”

“నువ్వే.”

“రేపట్నుంచి తాడిపత్రికి బాడుగకు తిప్పేదీ నేనే. ఈ ఎండలకు సింథటిక్ అయితే తొందరగా చెడిపోదని మా ఆయనకు నువ్వే చెప్తాంటివి. నేను పక్కనే ఉంటి.”

“మీ బావ నన్ను తిడతాడమ్మా.”

“తిట్టనీ. వచ్చే ఏడు కూడా ఆయిల్ మార్చేకి నేనే వస్తానని ఆయప్పకు చెప్పు.”