రద్దు టూల్ కింద ఒక్క ముక్క

తుఫాను హెచ్చరికతో సెబూ రేవులో పడవలు ఆగిపోయాయి. టికెట్ల కౌంటర్లో నెనితా తమ్ముడు పెట్టిన కొత్త ఏఐ నలభై మంది టికెట్లు రద్దు చేసేసింది. ఆమె తిట్టాలనే వచ్చింది కానీ, వాడి దిగాలు ముఖం, ముట్టని అన్నం చూసి పక్కన కుర్చీ లాక్కుంది.

"తిట్టకే అక్కా. అందరి సీట్లూ మళ్ళీ వేసేశాను."

"ముందు ఆ అన్నం తిను. ఏఐకిచ్చిన రద్దు టూల్ కింద వివరణేం రాశావురా?"

"టికెట్ రద్దు చేస్తుంది, అని."

"అంతేనా? ఎప్పుడు వాడకూడదో రాయలేదా?"

"తుఫానొస్తే రద్దు చెయ్యం, తర్వాతి పడవకి మారుస్తామని ఇక్కడ ఎవరికి తెలీదే?"

"దానికి తెలీదు. అదేమన్నా ఈ రేవులో పుట్టిందా? ఆ ముక్క రాయి. అనుమానమొస్తే నన్నడగమని కూడా రాయి."

"అడుగుతుందంటావా?"

"ఎందుకడగదూ? అది నువ్వా ఏంటి!"