చెక్కగోడకు ఇవతలి పక్క

సభకు అధ్యక్షత వహించిన పెద్దాయనకు, నా పక్కనే కూర్చుని ఎక్కువసేపు మాట్లాడవద్దని ఇప్పటికే రెండుసార్లు చెవిలో చెప్పిన హెడ్మాస్టారికి, కమిటీ పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, ఎండలో నడిచి వచ్చిన తల్లిదండ్రులకు, వెనక బెంచీల్లో ఇప్పటికీ గుసగుసలాడుతున్న నా పాత విద్యార్థులకు నమస్కారం. దండలు వేసుకుని మధ్య కుర్చీలో ఇబ్బందిగా కూర్చున్న మా వాక్యం మాస్టారికి మరొక నమస్కారం.

ఆయనను వాక్యం మాస్టారనీ, నన్ను కారణం మాస్టారనీ పిల్లలు పిలుస్తారని మా ఇద్దరికీ తెలుసు. తెలియనట్టు నటిస్తూ ఇరవై ఎనిమిదేళ్ళు గడిపాం. (నవ్వులు) ఆయనది బైబిలు వాక్యం చదివి చెప్పే నీతి పాఠం, నాది సైన్సు. మధ్యలో ఉన్నది ఒక చెక్కగోడ. గోడ అంటే గోడ కాదు, నాలుగు పలకలు కొట్టి పెట్టిన అడ్డం. గోడకు చెవులుంటాయంటారు గానీ ఆ గోడకు నోరు కూడా ఉండేది. ఆయన పాఠంలో పిల్లలు ఊపిరి బిగపట్టినా నాకు వినిపించేది.

ఇలాంటి వీడ్కోలు సభల్లో రిటైరై వెళ్ళిపోయే మనిషిని పొగడాలి. నేను పొగడడానికి రాలేదని అనను. కానీ నిజం చెప్పాలంటే నేను ఈ మనిషిని చూసి ఇరవై ఎనిమిదేళ్ళు కుళ్ళుకున్నాను. (నవ్వులు) నవ్వకండి, ఇది హాస్యానికి చెప్పడం లేదు.

మొదటి ఏడాదే ఆయన గోడ అవతల సముద్రం చీలిన కథ చెప్పారు. నా పిల్లలు, నా క్లాసులో కూర్చున్న పిల్లలు, కలాలు కింద పెట్టి అటు విన్నారు. పొరుగింటి పుల్లకూర రుచి. నేను ఊరుకోలేక మర్నాడు ఒక పెద్ద పళ్ళెం, టేబుల్ ఫ్యాను తెచ్చాను. లోతు తక్కువున్న చోట గాలి గంటల తరబడి ఒకే దిక్కున వీస్తే నీళ్ళు పక్కకు జరిగి నేల బయటపడుతుందని, అది అద్భుతం కాదు, వాతావరణమని చూపిద్దామనుకున్నాను. ఫ్యాను పెట్టాను. నీళ్ళు చీలలేదు. ముందు బెంచీ మొత్తం తడిసింది. ఒకడు లేచి, "సార్, సముద్రంలో మునిగిపోయిన ఫరో సైన్యం మేమేనా?" అన్నాడు. అప్పుడు గోడ అవతల నుంచి కూడా నవ్వు వినిపించింది. అందులో ఆయన నవ్వు కూడా ఉంది. మాస్టారూ, ఉందా లేదా? (ఆయన తల ఊపారు)

తర్వాత మన్నా సంగతి, అదే, ఎడారిలో ఆకాశం నుంచి రాలిందనే తిండి. ఎడారి పొదల మీద పురుగులు వదిలే తీపి బొట్లు రాత్రి చలికి గట్టిపడతాయి, దాన్నే తిని ఉంటారని చెప్పాను. ఇప్పుడు అక్కడ నీలం చీరలో కూర్చున్న టీచరమ్మ, అప్పుడు ఆరో తరగతి, లేచి అడిగింది: "మరి సెలవు రోజుకు ముందు రెండింతలు వచ్చేదట కదా సార్. పురుగులకు వారం తెలుసా?" నేను కూర్చోమన్నాను. గ్రంథంలో ఉన్నదల్లా జరిగింది జరిగినట్టే రాశారని నమ్మాల్సిన పని లేదని ఇప్పుడైతే చెబుతాను. ఇప్పుడు అడగరు.

పిల్లలు నా మాటలన్నీ మోసుకుపోయి ఆయనకు చెప్పేవారు. ఆయన కోపపడి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆయనేమో, "మాస్టారు చెప్పింది రాసుకోండి, పరీక్షకు పనికొస్తుంది" అనేవారు. తిట్టినా ఇంత మండేది కాదు.

మా అమ్మాయి మూడో వరసలో ఉంది. దానికి పదకొండేళ్ళప్పుడు, ఆ ఏడు మళ్ళీ సముద్రం పాఠం వచ్చిన రోజున, నా క్లాసులోనే గోడ పక్క బెంచీకి మారింది. ఇంటికి వెళ్ళాక ఎందుకు మారావే అని అడిగాను. "నాన్నా, నువ్వు నీళ్ళ గురించే చెప్పావు. ఆయన కాళ్ళ గురించి చెప్పారు. సముద్రం అడుగున బురద కదా, ముసలమ్మలు ఎలా నడిచారు, చంటిపిల్లల్ని ఎవరు ఎత్తుకున్నారు అని" అంది. నేను అన్నం సగంలో వదిలి లేచాను. సొంత కూతురు కూడానా అనిపించింది.

ఆ వారమే నేను కమిటీకి ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను.

(సభలో కలకలం)

అవును, అది నేనే. నీతి పాఠం పేరుతో కట్టుకథలను చరిత్రగా చెబుతున్నారని, పిల్లల బుద్ధి చెడుతోందని రాశాను. దస్తూరి తెలియకూడదని ఎడమచేత్తో రాశాను. అంత జాగ్రత్త పడినవాణ్ణి, అలవాటు కొద్దీ ప్రయోగాల పుస్తకంలో రాసినట్టు రాసేశాను. ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, పరిశీలన, నిర్ధారణ. పరికరాలు అన్నచోట "రెండు చెవులు" అని కూడా ఉంది. స్కేలు పెట్టి గీతలు కొట్టాను. (నవ్వులు) ఈ బడిలో అలా రాసేవాడు ఒక్కడే ఉన్నాడని నాకు తట్టలేదు.

కమిటీవారు వచ్చి ఆయన చేతికి ఆ ఉత్తరమే ఇచ్చి సంజాయిషీ అడిగారు. గోడ ఇవతల నుంచి విన్నాను. "నేను ఉన్నది చదువుతాను. పక్క గదిలో సైన్సు మాస్టారు మిగతాది చెబుతారు. పిల్లలకు రెండు చెవులున్నాయి" అన్నారు. ఆ చెవుల మాట ఎక్కడిదో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఏడాదిపాటు ఆయన పాఠం తీసేసి చేతిరాత పీరియడు ఇచ్చారు.

ఆ ఏడాది గోడ అవతల కలాల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను గెలిచాను. గెలిచినవాడి పాఠం ఎవరూ వినలేదు. ఎవరికి జవాబు చెబుతున్నానో తెలియక నా గొంతు నాకే విసుగు పుట్టింది. మరుసటి ఏడాది ఆయన పాఠం ఆయనకు తిరిగి ఇవ్వమని కమిటీని అడిగినవారిలో నేనూ ఉన్నాను. అందుకు నన్ను మంచివాడన్నారు. ఊరుకున్నాను.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. తొమ్మిదేళ్ళ కిందట మాస్టారి భార్య, మన అమ్మగారు, పోయారు. ఆవిడ జబ్బు నయం కావాలని ఆయన ఎన్ని నెలలు ప్రార్థన చేశారో మనందరం చూశాం. ఆవిడ పోయిన నాలుగో రోజున బడికి వచ్చారు. ఆ రోజు పాఠం లాజరుది. నాలుగు రోజుల కిందట చనిపోయినవాణ్ణి సమాధిలోంచి పిలిచిన కథ. దాన్ని దాటేసి వేరే పాఠం చెప్పవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆయన అదే చెప్పారు. నేను గోడ పలకకు చెవి ఆనించాను. గొంతు తడబడుతుందేమోనని చూశాను. ఒక్కచోట తడబడింది. సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు. ఆ రోజు పీరియడంతా బోర్డు తుడుస్తూ నిలబడ్డాను.

పోయిన వారం ఆయన బీరువా ఖాళీ చేస్తుంటే సాయం వెళ్ళాను. పాత హాజరుపట్టీల కింద నుంచి మడిచిన కాగితం తీసి, "మీ పేపరు మాస్టారూ. దిద్దేశాను గానీ ఇవ్వడం మరిచిపోయాను" అన్నారు. పదహారేళ్ళ కిందటి నా ఉత్తరం. కింద ఎర్ర సిరాతో ఇలా ఉంది: "పరిశీలన బాగుంది. చేతిరాత మెరుగుపడాలి. పేరు రాయనందుకు మూడు మార్కులు తగ్గించడమైనది. పదికి ఏడు."

తెలిసి తెలిసి పదహారేళ్ళు నాతో ఒకే బల్ల మీద భోజనం చేశారు. దీనికి కారణం వెతికాను. మెతక మనిషి అందామంటే కాదు, నా చెస్ బల్ల మీద ఒక్క బంటునైనా ఊరికే వదలని మనిషి. దీన్ని అద్భుతం అనమని మాత్రం నన్ను ఎవరూ అడగవద్దు. సముద్రాన్ని గాలే జరిపిందని ఇవాళా అంటాను. ఈ మనిషి సంగతికే కారణం దొరకలేదు. అది కూడా నాకు కడుపుమంటగానే ఉంది.

కాగితం తెచ్చాను. హెడ్మాస్టారూ, మీ కలం ఇలా ఇవ్వండి.

(కాగితాన్ని బల్ల మీద పరిచి సంతకం చేశారు)

ఇదిగో పేరు. ఈసారి కుడిచేత్తో. ఆ మూడు మార్కులు వేయాలో వద్దో మాస్టారి ఇష్టం.

(వాక్యం మాస్టారు కాగితం అందుకుని, కళ్ళజోడు సవరించుకుని చూశారు. "చేతిరాత బాగుపడింది మాస్టారూ. మార్కులు రేపు చూద్దాం" అన్నారు. సభ అంతా నవ్వు, చప్పట్లు)

చూశారా, నా ప్రసంగంలో కూడా చప్పట్లు ఆయనకే. రేపటి నుంచి ఆ గోడ అవతల ఎవరుంటారో తెలియదు. ఎవరైనా సరే, కొంచెం గట్టిగా చెప్పమనండి. ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీకు కూడా. సెలవు.