బంగారురాజు లివరు గోదాం

ఉక్కు కార్ఖానా దగ్గరి గోల్‌మురిలో జోగమ్మ చాయ్ బండి దగ్గర జిలేబీ వేగుతుంటే సూర్యం కళ్లు రెండూ అటే ఉన్నాయి. పదేళ్లుగా సుగరు, పూటపూటా పొట్టకి ఇన్సులిన్ సూది. విసిగిపోయాడు పాపం. సరిగ్గా అలాంటివాడి పక్కన చేరి బంగారురాజు మొదలెట్టాడు.

"నాకూ సుగరుండేది బావా. ఎలా పోయిందో తెల్సా? మా షెడ్డులో ఉక్కు గట్టిపడ్డానికి వెనేడియం పొడి కలుపుతాం గదా, ఆ సేత్తోనే ఖైనీ పొగాకు నలిపి దవడన ఎట్టేసినాను. నాలిక పచ్చగా అయిపోనాది!"

"ఓలమ్మ! సచ్చిపోలేదేటి?" అంది జోగమ్మ.

"ఇనుకో అప్పా! లివరంటే ఏటి? గోదాం. ఒంట్లో చక్కెరని గ్లైకోజెన్ అని బస్తాలు కట్టి దాత్తాది. కాకపోతే ఇన్సులినొచ్చి సూపర్‌వైజర్లాగ గదమాయించాల. నా సూపర్‌వైజరు ఒట్టి సోమరి. ఈ వెనేడియం ఆడి టోపీ ఎట్టుకుని లోపలికెళ్లి, 'చలో, మాల్ ఉఠావో!' అన్నాది. లివరు కణాలన్నీ సలాం కొట్టి లోడింగు మొదలెట్టేసినాయి!"

సూర్యం దగ్గరికి జరిగాడు. "నిజంగానేటి?"

"మరేటి! ఒక్కోపాలి ఈ వెనేడియమే ఉల్టా, ఉన్న బస్తాలే ఇప్పి బయటికి ఇసిరేత్తాదని ఎలకల లివర్ల మీద సూసినోళ్లు అంటారు. ఎలక ఎలకే, నేను నేనే! ఆ తర్వాత ఏటైందో తెల్సా? రెండు కేజీల జిలేబీ తిన్నాను, మొత్తం గోదాంలోకే. బస్తాలు పెరిగి పెరిగి సొక్కా గుండీలు ఊడిపోనాయి. స్కానింగు తీసిన డాట్టరు, 'ఇది లివరు కాదు, రేషను గోడౌను' అని కుర్చీలో కూలబడిపోనాడు! ఆ వారమే బాగ్‌బేరా రైల్వే యార్డులో మాలుగాడీ ఆగిపోతే, రెండు బస్తాలు కరిగించుకుని భుజం ఎట్టి తోసేసినాను. యాభై ఎనిమిది డబ్బాలు! చక్రధర్‌పూర్ దాకా ఆగితే ఒట్టు!"

"మరి ఇంజను డ్రైవరేటి సేసినాడు?"

"పడుకున్నాడు పాపం. ఈల కూడా నేనే ఏసినాను."

బండి చుట్టూ జనం పడీపడీ నవ్వారు. సూర్యం మాత్రం నవ్వలేదు. పదేళ్ల బరువు దిగిపోతున్నట్టుంది అతనికి.

"రేపట్నుంచి సూది మానేత్తాను బావా. నాకూ ఓ చిటికెడు పొడి తెచ్చిపెట్టు. జోగమ్మా, జిలేబీ ఇయ్యి!"

బంగారురాజు చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. ఇంతమందిలో కోసినవన్నీ కోతలేనని ఒప్పుకుంటే పరువేం కాను? ఫోను తీసి రిపోర్టు చూపించాడు. "ఇదిగో, మొన్న గేట్‌పాస్ కోసం కంపెనీ చేయించిన మెడికలు. పరగడుపున సుగరు తొంభై రెండు!"

ఆ అంకె చూసి సూర్యం కళ్లలో నీళ్లు తిరిగాయి. జిలేబీ నోటిదాకా వెళ్లింది.

అంతసేపూ నవ్వుతూ వింటున్న క్రేన్ ఆపరేటరు సత్యప్రసాద్ గభాలున లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. "తినకు మావా! ఆ తొంభై రెండు నాది. సుగరు బయటపడితే పాసు పోద్దని ఈయన తన బదులు నన్ను లైన్లో నిలబెట్టినాడు. సూది నా సేతికే గుచ్చినారు. పేరొక్కటే ఈయనది."

జిలేబీ పాకం సూర్యం మోచేతిదాకా కారింది. "నా ప్రాణం తీసేద్దువు గదరా బావా!" అన్నాడు, నవ్వాలో తన్నాలో తెలీక.

బంగారురాజు ఎవరి మొహమూ చూడలేదు. ఎన్నడూ లేనంత మెల్లగా అడిగాడు.

"ఒరే ప్రసాదూ, మరి నాదెంతుంటాదంటావు?"