పాపాయి నడక

గుండె ఆస్పత్రి రెండో అంతస్తులో ఊపిరి పరీక్షల గది. కొత్తగా చేరిన టెక్నీషియను, ఒక తల్లి, ఆమె కూతురు.

“ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా... చాలు. గొట్టం తీసెయ్యండి.”

“బాబూ, అంతసేపు ఊదించకూడదు. దానికి మూడో ఏట గుండె ఆపరేషన్ అయింది.”

“అందుకే కదండీ ఊదిస్తున్నది.”

“కుట్లు లాగుతాయి.”

“అమ్మా, కుట్లు వేసి ఇరవై ఏళ్ళయింది.”

“నువ్వు మాట్లాడకు పాపాయీ, ఆయాసం వస్తుంది.”

“పాపాయి అంటే...”

“ఇదే బాబూ.”

“ఓహో. సరే పాపాయిగారూ, మీ ఊపిరి ఉండాల్సినదాంట్లో అరవై ఎనిమిది శాతం ఉంది. నిరుడూ అంతే. అంతకు ముందూ అంతే.”

“తక్కువే కదా?”

“తక్కువే. చిన్నప్పుడు ఛాతీ తెరిచి ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి అలాగే ఉంటుంది. తగ్గలేదు, అది ముఖ్యం. నాకు అర్థం కానిది మీ నడక.”

“దాని నడకకేం?”

“ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో చూస్తాం కదా. మూడేళ్ళ కింద నాలుగు వందల ఎనభై మీటర్లు. తరవాతి ఏడు నాలుగు వందల ఇరవై. నిరుడు మూడు వందల ముప్ఫై. గుండె స్కాన్‌లో మార్పు లేదు, ఊపిరిలో మార్పు లేదు. నడక మాత్రం పడిపోతోంది.”

“అందుకే డాక్టరుగారు వాల్వు మార్చాలంటున్నారు. ఈసారీ తగ్గితే వచ్చే నెలే ఆపరేషన్ అన్నారు.”

“మళ్ళీ కోయించుకోవడం నా వల్ల కాదు సార్. భయంగా ఉంది.”

“భయమెందుకే, నేను లేనూ?”

“కోసేది నిన్ను కాదుగా.”

“చూశావా బాబూ! నోటికి మాత్రం ఏ ఆయాసమూ లేదు.”

“వరండాలోకి రండి. ఆ చివర ఎర్ర డబ్బా, ఈ చివర ఎర్ర డబ్బా. మధ్య ముప్ఫై మీటర్లు. అటూ ఇటూ నడుస్తూనే ఉండాలి, పరుగెత్తకూడదు. వేలికి ఈ క్లిప్పు పెట్టుకోండి, నాడీ ఆక్సిజనూ చూపిస్తుంది... అమ్మగారూ, మీరెందుకు చెప్పులు విప్పుతున్నారు?”

“నడవాలి కదా.”

“ఎవరు?”

“మేమే.”

“మీరు కూడానా?”

“అదొక్కతే ఎలా నడుస్తుంది? చెయ్యి పట్టుకోవద్దూ? ప్రతి ఏడూ పట్టుకునే నడిపిస్తున్నా.”

“ప్రతి ఏడూనా! పాతాయన ఏమీ అనలేదా?”

“ఎందుకంటాడు, మంచి మనిషి. తల్లిని వద్దంటామా అనేవాడు. కుర్చీలో కూర్చుని గడియారం చూసుకునేవాడు.”

“పాపాయిగారూ, నిజం చెప్పండి. ‘మధ్యలో రెండుసార్లు ఆగింది’ అని నిరుడు రాశారు. ఎందుకాగారు? ఆయాసమా, కాళ్ళ నొప్పా?”

“అది... అమ్మ ఆగింది సార్.”

“నేనా? నీ మొహం వాడిపోయిందనే ఆగా.”

“గోడ పట్టుకున్నది నువ్వు కదమ్మా.”

“మోకాళ్ళు. నా మోకాళ్ళ గోల ఇప్పుడెందుకు? పరీక్ష నీది.”

“మరి ఇది డాక్టరుగారికి చెప్పలేదేం?”

“చెయ్యి విడిపించుకుంటే బాధపడుతుంది సార్. నా నడకే తగ్గిందని కాగితం మీద రాసేసరికి నేనూ అదే నమ్మాను. ఇంట్లో మెట్ల దగ్గర కూడా వదలదు.”

“ఈసారి అమ్మగారు ఈ బెంచీ మీద కూర్చుంటారు.”

“అది పడిపోతే?”

“నేనున్నా.”

“నిన్న కాక మొన్న వచ్చావు, నీకేం తెలుసు బాబూ?”

“ఏమీ తెలియదండీ. అందుకే రూలు ప్రకారం పోతున్నా. పాపాయిగారూ, మొదలు.”

“మెల్లిగా! పాపాయీ, మెల్లిగా!”

“అరవకండి, లెక్క తప్పుతుంది. మూడు.”

“చేతులు అలా ఊపుతుందేమిటి?”

“ఖాళీగా ఉన్నాయి కదండీ. నాలుగు.”

“అమ్మా, బాగానే ఉన్నా!”

“నడుస్తూ మాట్లాడకే! బాబూ, ఇక ఆపించు.”

“పదకొండు. నిరుడు ఇక్కడికే ఆరు నిమిషాలూ అయిపోయాయి. ఇంకా రెండున్నర ఉంది. కూర్చోండి.”

“కూర్చునే ఉన్నాగా.”

“లేచారు. కూర్చోండి... పద్దెనిమిది... పందొమ్మిది. అయిపోయింది. ఐదు వందల డెబ్భై మీటర్లు.”

“అంటే ఏమిటి సార్?”

“అంటే మీ నడక తగ్గలేదు. నిర్ణయం డాక్టరుగారిది, కానీ పాత లెక్కలన్నీ తప్పని ఇవాళే రాసిస్తా.”

“అమ్మా, విన్నావా? నాకు... అమ్మా, ఎందుకలా వంగిపోయావు? ఏడుస్తున్నావా?”

“ఏడుపెందుకే... సంతోషం... ఉండు... ఒక్క నిమిషం... నీకెదురొచ్చాగా, అంత దూరం...”

“బెంచీ అదిగో అమ్మగారూ. పది అడుగులు.”

“పొద్దున మెట్లెక్కాం కదా బాబూ.”

“ఎప్పట్నుంచీ ఇలా?”

“నాకేం, గుండ్రాయిలా ఉన్నా. రెండు మూడేళ్ళుగా కాస్త... దీని బెంగతో.”

“గోడకి ఆనుకోండి. పాపాయిగారూ, ఆ క్లిప్పు ఇటివ్వండి. కౌంటర్లో ఒక కొత్త కార్డు అడిగి తీసుకురండి.”

“కొత్తదెందుకు? దాని కాగితాలన్నీ నా సంచీలోనే ఉన్నాయి, పుట్టినప్పటివి కూడా. ఏం కావాలో నన్నడుగు.”

“వయసు.”

“ఇరవై మూడు. వచ్చే నెలకి ఇరవై నాలుగు.”

“మీ వయసు, అమ్మగారూ.”