ఎర్ర లైటూ, సుంకులమ్మ పొట్లపాదూ

సుంకులమ్మ ఉందే, మన కొండకిందపాలెం పడమటి బజారు సుంకులమ్మ, ఆ మనిషికి ఒక్కడే తమ్ముడు. నాసరయ్య. పుట్టినకాడి నుంచీ వాడికి చెవులు వినపడవు, నోట మాట లేదు. అమ్మా నాయనా చిన్నప్పుడే పోతే ఈమే సాకింది. మొగుడు గొర్రెలెంట పోయేవాడు, నెలల తరబడి ఇంటిపట్టున ఉండడు, ఇంక మాట్లాడుకోటానికి ఆమెకి తమ్ముడే అనుకో. ఆళ్ళిద్దరికీ చేతుల భాష ఒకటి ఉంది. బళ్ళో నేర్పింది కాదు, ఇద్దరూ కూచుని అల్లుకున్నది. ముక్కు తుడుచుకున్నట్టు చేస్తే మేనమామ అని, ఎందుకంటే ఆయనకి ఎప్పుడూ జలుబే. కోపమొస్తే మనమైతే అరుస్తాం. వాడి మీద అరిచి ఏం లాభం? అందుకని ఆ ఇంట్లో కోపమొచ్చినోళ్ళు కళ్ళు మూసుకునేవాళ్ళు. మూసుకుంటే అయిపాయె, ఎదటోళ్ళు ఎంత చేతులూపినా వాళ్ళు నీకు లేరు. అంతకి మించిన తిట్టు ఆళ్ళకి లేదు. ఇది గుర్తు పెట్టుకోండి. పెట్టుకోమన్నానని చేతులు ఆపమాకండి, ఆ మిరపకాయల తొడిమెలు పొద్దుగూకే లోపల అవ్వాల. ఏం నాయనా, కథల కోసమని వచ్చినోడివి, రాసుకుంటన్నావా? రాసుకో.

వాడు పెద్దయ్యాక పూనా పోయాడు, సంచులు కుట్టే షెడ్డులో పనికి. మరి వినపడనోడితో ఫోన్లో ఏం మాట్లాడతావు? బొమ్మ కనపడాల. మన ఊరికి సెల్లు టవరు కొండకి అవతల ఉంది, గట్టెక్కి నిలబడితే మాట వస్తది గానీ బొమ్మ రాదు. అందుకని కేబులోళ్ళు నెట్టు తీగ లాక్కొచ్చి ఇంటింటికీ ఇస్తామంటే, ఊళ్ళో మొదట పెట్టించుకుంది ఎవరనుకున్నావు? సుంకులమ్మ. గూట్లో డబ్బా పెట్టించింది, దాని పక్కన ఇంటి ఫోను పెట్టించింది, రెంటికీ పసుపూ కుంకం పెట్టింది. సాయంత్రం గేదె పాలు పిండి లోపలికొచ్చిందంటే సెల్లు గోడకి ఆనించి కూచునేది. అవతల వాడు. ఇంక చేతులూపుకోవటం, నవ్వుకోవటం. బజారున పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి, పాపం ఈమెకి దోమలు కుడుతున్నయ్యేమో అనుకునేవాళ్ళు.

ఏమైందంటే, ఒకరోజు వాడు సుగంధ అనే పిల్లని పక్కన కూచోబెట్టుకుని చూపించాడంట. అదే షెడ్డులో పని, మరాఠీ పిల్ల. ఆ పిల్లకీ వినపడదు, మాట లేదు. చేసుకుంటా అక్కా అన్నాడు చేతుల్తో. వీళ్ళ నాయన మా పెద్దోళ్ళ మాట కావాలంటున్నాడు, నాకు పెద్ద నువ్వే, అమావాస్య లోపల నువ్వు ఊఁ అనకపోతే ఈ పిల్లని ఇంకోడికి ఇచ్చేస్తాడంట అన్నాడు. సుంకులమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. ఇద్దరికీ వినపడకపోతే రేపు బిడ్డ ఏడిస్తే ఎవరికి వినపడుద్దిరా అని అడిగింది. నన్ను నువ్వు సాకలేదా అన్నాడు వాడు. నాకు చెవులున్నయ్యిరా అంది ఈమె. ఆ మాటకి వాడి మొహం మాడిపోయింది. అయినా ఏదో చెప్పబోయాడు. ఈమె వినిపించుకోలా. కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి వాడూ లేడు, ఆ పిల్లా లేదు, సెల్లు నల్లంగా ఉంది. సరే, కోపం రేపటికి దిగుద్దిలే, రేపు మాట్లాడతా అనుకుంది. రేపటికి డబ్బాలో ఎర్ర లైటు.

ఆ డబ్బా సంగతి మీకు తెలిసిందేగా. పచ్చ లైటు వెలిగితే నెట్టు ఉన్నట్టు, ఎర్ర లైటైతే లేనట్టు. ఇంటి ఫోను ఎత్తితే అందులోనూ చప్పుడు లేదు. ఊరంతా పోయింది. ఊరికి పోతే ఏముంది, ఒకరికి సీరియలు పోయింది, ఒకరికి క్రికెట్టు పోయింది. ఈమెకి తమ్ముడు పోతన్నాడు. వాడేమనుకుంటాడు? అక్క ఇంకా కళ్ళు తెరవలేదనుకుంటాడు. ఆ తలపు వచ్చినకాడి నుంచీ ఆమెకి కాలు నిలవదే! డబ్బా కాడికి పోవటం, స్విచ్చి ఆపటం, వెయ్యటం, ఎర్ర లైటు. బయటికొచ్చి స్తంభం వంక చూట్టం, లోపలికి పోవటం, ఎర్ర లైటు. పొడిగుడ్డ పెట్టి తుడిచింది, ఎర్ర లైటు. దిష్టి తగిలిందేమోనని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, బజారంతటికీ దగ్గొచ్చింది గానీ లైటు ఎర్రలైటే. గట్టెక్కి కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి తియ్యంగా, తెలుగు కోసం ఒకటి నొక్కండి అంటదంట. నొక్కింది. మీ ఫిర్యాదు మాకెంతో ముఖ్యం అంటదంట. ముఖ్యమైతే రావే తల్లీ, మజ్జిగ కూడా పోస్తా అంటది ఈమె. దయచేసి వేచి ఉండండి అంటదంట. అది మనిషి కాదు పెద్దమ్మా, మిషను అని ఎవరో చెబితే, అందుకేనా దానికి సిగ్గు లేదు అందంట. ఆ పూట గేదె కూడా చేపలా, పొదుగులోకి పాలు దించలా. పిండే చెయ్యి నెమ్మదిగా లేకపోతే గొడ్డుకి తెలిసిపోద్ది గదా.

ఊళ్ళో ఎవరి నోటికొచ్చింది వాళ్ళన్నారు. కోతులు కొరికినయ్యన్నారు. వరిగడ్డి ట్రాక్టరు తగిలిందన్నారు. కేబులు ఏసోబు ఉన్నాడుగా, ఈ తీగలు చూసేవాడు, వాడు నిచ్చెన భుజాన వేసుకుని స్తంభం స్తంభం ఎక్కి చూశాడు. యాడా తెగలా. నల్ల తీగ నిక్షేపంగా ఉంది. అదే మాట వచ్చి చెబితే సుంకులమ్మ వాడి మీద పడింది. తెగకపోతే ఎందుకు పోయిందిరా, కళ్ళున్నయ్యా నీకు, చింతగింజలు పెట్టారా అని. అంతటితో ఊరుకుందా? నడిబజార్లోకొచ్చి దుమ్మెత్తి పోసింది. ఈ తీగ పాడు చేసినోళ్ళ చేతులు పడిపోను! నన్నూ నా తమ్ముణ్ణీ ఎడం చేసినోళ్ళ పెరట్లో పచ్చని మొక్క మొలవకుండా పోను! ఇంకా ఉన్నయ్యి. నాయనా, అయ్యన్నీ రాయమాక, కాయితం మాడిపోద్ది. మీరు మాత్రం గుర్తుంచుకోండే, వాటితో ముందు ముందు పని ఉంది. ఆ నోటికి జడిసి ఏసోబు పడమటి బజారుకొస్తే ఆమె ఇల్లు కనపడంగానే అవతలి వారకి నడిచేవాడు. ఊరికంతటికీ వచ్చే తీగ ఆమె పెరటి మీదగానే పోద్ది, అయినా లోపల అడుగు పెట్టలా. గోడ బయట నుంచి మెడ సాచి చూసేవాడు, పచ్చంగా పాదు కనపడేది, తీగ తెగి కింద పడలేదుగా, బాగానే ఉందిలే అని పోయేవాడు.

అదేం పాదంటే పొట్లపాదు. పాలు పోసిన పొట్లకాయ కూరంటే నాసరయ్యకి ప్రాణం. ఆ ఏడు వాడు ఊరికి వచ్చేనాటికి కాయాలని ముందే గింజ పెట్టింది. అంత దిగుల్లో కూడా పొద్దున్నే లేచి పాదుకి నీళ్ళు పోసొచ్చేది. చేతులకి ఏదో ఒక పని కావాల గదా.

మరి ఎవరి చేతనన్నా నాలుగక్షరాలు రాయించి పంపొచ్చుగా అంటావా కోటమ్మా? రాసినా చదివేదెవరే? అక్కకీ రాదు, తమ్ముడికీ రాదు. షెడ్డు షావుకారికి చెప్పించొచ్చుగా అంటావు. గట్టెక్కి ఆయనకీ చేసింది. ఆయన మరాఠీలో ఏందో అన్నాడు, ఈమె తెలుగులో ఏందో అంది, ఇద్దరూ మర్యాదగానే పెట్టేశారు. ఇంక ఉండబట్టలేక బస్సెక్కి టౌనుకి పోయింది. బస్టాండులో టీకొట్టాయన కాళ్ళావేళ్ళా పడితే, ఆయన తన సెల్లులోంచి నెట్టు ఈమె సెల్లుకి కలిపిచ్చాడు. మోగింది. వాడు ఎత్తాడు. ఎత్తాడే! అక్క మొహం చూశాడు. ఈమె గబగబా చేతులూపింది, తీగ పోయిందిరా, నేను కాదురా, తీగరా అని. వాడు కళ్ళు మూసుకున్నాడు. సెల్లు పెట్టెయ్యలేదు, చూడండి. అట్టా పట్టుకుని, కళ్ళు మూసుకుని కూచున్నాడు. అక్కకి కనపడాలనే అట్టా కూచున్నాడు. ఈమె చేతులూపింది. ఎవరికి? ఒరే నాసరయ్యా అని అరిచింది, బస్టాండంతా తిరిగి చూసింది గానీ వాడికి వినపడుద్దా? పిచ్చిది, అద్దం మీద వేలు పెట్టి వాడి రెప్ప తెరవబోయింది. ఆ వేలు యాడ తగిలిందో, ఆ బొమ్మ కూడా పోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలా. మళ్ళీ చేసినా ఎత్తలా. బస్సులో కూచుని ఊరొచ్చిందాకా ఏడ్చిందంట. ఆ రోజు నేను కళ్ళు మూసుకుంటే వాడికి ఇట్టా ఉందన్నమాట, నా చెవులు ఉండి ఏం చేసినయ్యి, అనుకుందంట.

అమావాస్య రేపనంగా ఆమె ఏసోబు ఇంటికే పోయింది. వాడు నిచ్చెన వదిలేసి దొడ్డిదారిన పోబోతే చెయ్యి పట్టుకుంది. నిన్నేం అననురా నాయనా, నా తమ్ముడు నాకు కాకుండా పోతన్నాడు, మొదటి నుంచీ ఒక్కసారి చూడు అంది. వాడికి జాలేసింది. అన్నీ చూశా పిన్నీ, నీ పెరడొక్కటే చూడలా అన్నాడు. మరి ఎందుకు చూడలేదురా అనబోయి ఊరుకుంది, ఎందుకో ఆమెకీ తెలుసు గదా. సరే, ఇద్దరూ పెరట్లోకి పోయారు. ఏందంటే, ఆ మధ్య గాలికి పందిరి పడిపోయింది. పాదు ఆ నెట్టు తీగనే పట్టుకుని పైకి పాకింది. మంచి గట్టి తీగ, ఇదే మోస్తదిలే అని ఈమె వదిలేసింది. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. పొట్లపిందె దిగితే మనం ఏం చేస్తాం? కొసకి రాయి కడతాం, లేకపోతే కాయ వంకర తిరిగిద్ది. ఈమె కూడా కట్టింది. తమ్ముడికి బారెడు కాయలు పెట్టాలని మంచి బరువు రాళ్ళే ఏరి కట్టింది. ప్రతి పిందెకీ ఒక రాయి. ఏసోబు ఆకులు తప్పించి చూస్తే తీగ అక్కడ మడత పడి వేలాడతంది. పైన నల్లతోలు బాగానే ఉంది. లోపల గాజు పోగు ఉంటదంట, వెంట్రుకంత, మాటా బొమ్మా అంతా అందులోంచే పోద్దంట. అది ఇరిగింది. ఈ రాళ్ళు ఎవరు కట్టారు పిన్నీ, అన్నాడు మెల్లగా. సుంకులమ్మ రాళ్ళ వంక చూసింది, తీగ వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది. తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చినట్టున్నయ్యి. ఏసోబూ, తిట్లు వెనక్కి తీసుకోవచ్చంటావా, అందంట. తీగ అతికించినాక చూద్దాంలే పిన్నీ, అన్నాడంట.

వాడు అతికించి, డబ్బాలో పచ్చ లైటు వెలిగేసరికి సాయంత్రమైంది. ఈమె పాలచెంబు కూడా ముట్టకుండా సెల్లు గోడకి ఆనించింది. మోగింది, మోగింది, ఎత్తలా. మళ్ళీ చేసింది. ఎత్తలా. లేవటం, వాకిట్లోకి పోవటం, రావటం, మళ్ళీ చెయ్యటం. చివరికి ఎవరో ఎత్తారు. వాడు కాదు, సుగంధ. ఆ పిల్ల ఈమెని చూసి, సెల్లు పక్కకి తిప్పింది. పక్కన కుట్టు మిషను ముందు వాడు. చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. ఆ పిల్ల సెల్లు మళ్ళీ తన వైపు తిప్పుకుంది. ఇంక ఏం చేసుద్ది సుంకులమ్మ? వీళ్ళ ఇంటి భాష ఆ పిల్లకి రాదు. పెరట్లోకి ఉరికి రాయి తెచ్చి చూపించింది, పొట్లకాయ తెచ్చి చూపించింది, తీగ వంగినట్టు మోచెయ్యి వంచింది, ఎర్ర లైటని నుదుటి బొట్టు చూపించింది, కట్టింది నేనేనని తన నెత్తిన తనే మొట్టుకుంది. ఆ పిల్ల కాసేపు చూసి పకపకా నవ్వింది. నవ్వితే ఈమెకి కొంచెం ధైర్యమొచ్చింది. వచ్చి, అడగాల్సింది అడిగింది. చేతులు ఉయ్యాలూపినట్టు ఊపింది, బిడ్డ ఏడ్చినట్టు నోరు తెరిచింది, నీకు వినపడదే మరి అని చెవి చూపించింది.

ఆ పిల్ల నవ్వు ఆపింది. ఆ పిల్ల ఏం చెబుద్దోనని సుంకులమ్మ సెల్లుకి దగ్గరగా జరిగింది. ఆ పిల్ల మిషను మీద దారపుండ తీసింది. ఒక కొస అక్కడున్న సంచికి కట్టింది, సంచి ఒళ్ళో పెట్టుకుని ఉయ్యాలూపి, ఇది బిడ్డ అంది. రెండో కొస తన మణికట్టుకి కట్టుకుంది. తల వాల్చి కళ్ళు మూసుకుంది, నిద్రపోయినట్టు. కాలితో సంచి కదిలించింది. దారం లాగింది, చెయ్యి కదిలింది, ఆ పిల్ల కళ్ళు తెరిచింది. అంతే. సుంకులమ్మ ఆ దారం వంకే చూస్తంది. చెవులున్నోళ్ళం మనకి ఈ ఆలోచన వచ్చిందా? తర్వాత ఆ పిల్ల ఏం చేసిందంటే, సంచికి కట్టిన కొస విప్పి తీసుకుపోయి నాసరయ్య మణికట్టుకి కట్టింది. సెల్లు వాడి ఎదట పెట్టింది. పెట్టి ఒక్క లాగు లాగింది. వాడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఎదురుగా అక్క. మెళ్ళో తాళి బయటికి తీసి పట్టుకుని, ఆ పిల్ల వంక వేలు చూపిస్తంది. కట్టరా, కట్టు అని. కళ్ళెంట నీళ్ళు కారిపోతన్నయ్యి, అయినా రెప్ప వెయ్యలా. వేస్తే మళ్ళీ యాడ కళ్ళు మూసుకుందనుకుంటాడోనని, మంటలు పుడుతున్నా అట్టా విప్పార్చుకునే కూచుంది. వాడు చూశాడు. ఇంక మూసుకోలా.

అయిపోయిందే. పెళ్ళి అక్కడే చేశారు, తర్వాత ఇద్దరూ ఇక్కడికొచ్చి అందరికీ కూడు పెట్టారు. నేనూ తిన్నా. ఏసోబుకి రెండు ఆకులేసి కూచోబెట్టింది, తిట్టిన తిట్లకి ఒకటి, తీగకి ఒకటి అంట. ఇప్పుడు ఊళ్ళో ఎవరింట్లో ఎర్ర లైటు వెలిగినా పైకెవరూ చూడరు, ముందు సుంకులమ్మ పెరట్లోకి చూస్తారు. ఆమె పందిరి మళ్ళీ వేసుకుంది గానీ రాళ్ళు కట్టటం మానేసింది. కాయలన్నీ ఎటు పడితే అటు చుట్టలు చుట్టుకుని, ఒక్కటీ తిన్నంగా లేదు. అయ్యే తరిగి పాలు పోసి వండి ఆ పెళ్ళి కూడు రోజు విస్తట్లో వేసింది. తిన్నోళ్ళంతా మారు వేయించుకున్నారు, వంకర సంగతి ఒక్కళ్ళూ అడగలా.