మేనమామ రాసిన రిపోర్టు

అంపైర్ల గదిలో మేనమామ రిపోర్టు రాస్తున్నాడు. బౌలర్ మోచెయ్యి వంచి బంతి విసురుతున్నాడన్న అనుమానం మీద ఆ రిపోర్టు. బౌలర్ సొంత మేనల్లుడు. అది పైకి వెళ్తే రేపటి సెలక్షన్ పోయినట్టే.

"మామయ్యా, టెస్టుల్లో స్పిన్నర్లందరిలో ఎవరు గొప్ప?"

"కాకా పట్టకు."

"చెప్పు. వార్నా, మురళీధరనా?"

"వార్న్‌వి ఏడొందల ఎనిమిది వికెట్లు, మురళివి ఎనిమిదొందలు. నన్నడిగితే మురళే."

"అతన్నీ అనుమానించారుగా! నీలాంటి అంపైర్లే నోబాల్ అన్నారు. చివరికి ఏం తేలింది?"

"పరీక్షకి నిలబడ్డాడు కాబట్టి తేలింది. చెయ్యి వంగకుండా కట్టు బిగించుకుని మరీ కెమెరా ముందు వేసి చూపించాడు. అందుకే నాకు గొప్ప."

"అమ్మకి ఏం చెప్తావు?"

"మా చెల్లెలికి నేను చెప్పుకుంటాలే. ఇంత ఎండలో ఫుల్ చేతుల చొక్కా ఏంట్రా? మడిచి, నెట్స్‌లో ఆ రెండో వైపు తిరిగే బంతి, నీ దూస్రా ఒక్కటి వెయ్యి. చెయ్యి సరిగ్గా ఉంటే ఈ కాగితం ఇక్కడే చింపేస్తా."

మేనల్లుడి వేళ్లు మణికట్టు దగ్గర గుండీ దాకా వెళ్లి ఆగాయి.

"మామయ్యా... అదొక్కటీ వద్దు. మిగతావన్నీ వేస్తా."

మేనమామ తల వంచుకుని సంతకం పెట్టాడు.