బుల్లియ్య చెవుల అప్పీలు

నరసాపురం రైల్వేస్టేషను దారిలో, జెరాక్సు షాపు పక్కగదిలో, నాగదుర్గ ఒక టేబులు వేసుకుని కూర్చుంటుంది. పోలియో కాలు ఆమెది. వికలాంగుల పింఛను ఆగిపోయినవాళ్ళకి అప్పీళ్ళు రాసిపెట్టడం ఆమె పని. ఆ వేళ ఆమె ఎదుట బియ్యపుతిప్ప నుంచి వచ్చిన పాపాయి, ఆమె మొగుడు బుల్లియ్య ఉన్నారు.

"అయితే పింఛన్ల తనిఖీ క్యాంపులో డాక్టరుగారు మీ ఆయన్ని ఏమడిగారు?"

"పేరేంటన్నారండి. ఈయన ఆయ్ అన్నాడు."

"తర్వాత?"

"బుల్లియ్యేనా అన్నారు. ఆయ్. బియ్యపుతిప్పేనా అన్నారు. ఆయ్. చేపల వేటకెళ్తావా అన్నారు. ఆయ్. చెవులు వినబడవంటగా అన్నారు."

"దానికీ?"

"ఆయ్ అన్నాడండి."

"ఇదిగో, ఆయన ఏం రాశారో ఈ నోటీసులో ఉంది పాపాయిగారూ. చదువుతాను. 'మామూలు గొంతుతో అడిగిన ప్రశ్నలన్నిటికీ వెంటనే, మర్యాదగా సమాధానమిచ్చినారు. వినికిడి లోపం ఇరవై రెండు శాతం.' నలభై ఉంటేనే పింఛను."

"మర్యాదగా అని కూడా రాశారాండి?"

"రాశారు."

"అది మటుకు నిజమేనండి."

"ఆయ్."

"ఇప్పుడెందుకన్నారు ఈయన? మనం ఆయన్నేమీ అడగలేదే."

"నేను ఈయన వైపు తిరిగి నోరు మూశాను కదండి. ఎదుటోళ్ళ నోరు కదిలి ఆగిందంటే ఆయ్ అంటాడు. ఆగేదాకా ఆగుతాడు, మధ్యలో అనడు. పెద్దోళ్ళు మాటాడితే ఊరుకోకూడదని వాళ్ళమ్మ చిన్నప్పుడే నేర్పిందండి. ఊరుకుంటే పొగరంటారని."

"నిజంగా ఏమీ వినబడదా?"

"మొన్న దీపావళికి మా గుమ్మం ముందు పెద్ద టపాకాయ ఒకటి కాల్చారండి. అది పేలిందో లేదో చూద్దామని ఈయన దగ్గరికెళ్ళి వంగాడు."

"ఎన్నాళ్ళయింది ఇలా?"

"పదకొండేళ్ళండి. పద్నాలుగో ఏట బోటెక్కి ఇంజను దగ్గర కూచున్నాడు. ఆ డీజిలు ఇంజను పక్కన ఇరవై మూడేళ్ళు. ముందు ఈ చెవి పోయింది, ఏడాది తిరక్కుండా ఆ చెవి."

"ఇప్పుడు వేటకి?"

"ఎవరు తీసుకెళ్తారండి? ఓసారి తాడు కాలికి చుట్టుకుంటే వెనక నుంచి ఎనమండుగురు అరిచారంట. వెనకోళ్ళకి ఆయ్ కూడా లేదు కదండి. నీళ్ళల్లోకి జారిపోతుంటే జుట్టు పట్టుకుని లాగారు. ఆ మర్నాటి నుంచీ బోటు మీద కాలు పెట్టనివ్వలేదు."

"యాభై నిండితే వేటవాళ్ళ పింఛను వేరే వస్తుందిగా."

"నలభై ఎనిమిదండి. నేను లేసు అల్లుతాను, అది కూరకీ నారకీ సరిపోతాది. బియ్యం, ఇంటద్దె ఈ పింఛను మీదే. రెండేళ్ళ దాకా అన్నం తినకుండా ఎలాగుంటామండి?"

"ఉండలేరు. సరే, చెవులకి మిషను పెట్టలేదా?"

"పెట్టారండి. చప్పుడు వినబడినప్పుడల్లా ఈ బటను నొక్కు అని చూపించారు. ఎదురుగా ఆ అమ్మాయి మిషను మీద వేలు పెట్టినప్పుడల్లా ఈయన ఇక్కడ నొక్కాడు."

"ఆవిడ చెయ్యి చూసి?"

"ఇంజను మనిషి కదండి. అవతలోడి చెయ్యి చూసి పనిచేయడం అలవాటు. ఇంజను మోతలో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది, బోటు మీద అంతా సైగలే."

"అన్నీ సరిగ్గా నొక్కేశారా?"

"ఒక్కటి తప్పలేదంటండి. ఆ అమ్మాయి మెచ్చుకుంది."

"మీరు పక్కనే ఉన్నారు కదా. మీరైనా చెప్పలేదా?"

"చెప్పానండి. ఈయనకి వినబడదండి, ఊరికే ఆయ్ అంటాడండి అని చెప్పాను. డాక్టరుగారు ఈయన వైపు తిరిగి, నిజమేనా అన్నారు."

"ఇక మీరు చెప్పకండి. నాకు తెలిసిపోయింది."

"ఆయ్."

"అసలు మాట రాదా ఈయనకి?"

"ఎందుకు రాదండి, బాగా వత్తాది. తన గొంతు తనకి వినబడదు కదండి, పెద్దగా వచ్చేస్తాదని సిగ్గు. అందుకని ఆయ్‌తో సరిపెట్టేస్తాడు."

"ఇంట్లోనూ ఇంతేనా?"

"ఇంట్లో ఇంకా ఎక్కువండి. పులుసులో ఉప్పెక్కువైందా అంటే ఆయ్. తక్కువైందా అంటే ఆయ్. నాకు ఇసుగొచ్చి, ఏదో ఓ రోజు గోదాట్లో దూకుతాను అన్నానండి."

"ఆయ్ అన్నారా?"

"నవ్వుతూ అన్నాడండి. మా అశ్విని కువైట్ వెళ్తానని కూచున్న రోజున, వద్దని నువ్వైనా చెప్పయ్యా అన్నాను. ఆయ్ అన్నాడు. నాన్న ఒప్పుకున్నాడని అది పెట్టె సర్దుకుంది."

"వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"నాలుగేళ్ళండి. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తాది. అది చెప్పినవన్నీ మళ్ళీ కూచుని ఈయనకి చెబుతాను."

"ఈయనకి వినబడదుగా."

"వినబడదండి."

"మరి ఎందుకు చెబుతారు?"

"అదీ అర్జీలో రాయాలాండి?"

"అక్కర్లేదు."

"అయితే మిగతాది రాయండి."

"రాస్తున్నాను. 'నా భర్తకి మర్యాద ఎక్కువ, వినికిడి లేదు' అని మొదలుపెట్టనా?"

"అలా రాస్తే ఊరుకుంటారాండి?"

"ఊరుకోరు. మామూలుగానే రాస్తాను. తలకి వైర్లు అంటించి, పడుకోబెట్టి చేసే పరీక్ష ఒకటుంది. దానికి బటను లేదు, నొక్కేది లేదు, చెవి సంగతి అదే చెప్పేస్తుంది. అది చేయించమని అడుగుదాం. కానీ దానికి పంపాలంటే ముందు పెద్దాసుపత్రిలో డాక్టరు ఈయనతో మాట్లాడి చూస్తారు. అక్కడ ఆయ్ అన్నారంటే అక్కడితో సరి."

"మళ్ళీ అప్పీలు ఉండదాండి?"

"ఉండదు. ఇదే ఆఖరు. నా కాలు నిజంగా చచ్చుబడిందని నేనే మూడుసార్లు నిరూపించుకున్నాను పాపాయిగారూ, వాళ్ళ సంగతి నాకు తెలుసు. ఈయన చదువుకున్నారా?"

"ఐదు దాకా. కూడబలుక్కుని చదువుతాడు. నాకే రాదు."

"అయితే ఈ కాగితం మీద పెద్దక్షరాలతో రాస్తున్నాను. 'బుల్లియ్యగారూ, ఎవరు ఏమడిగినా ఆయ్ అనకండి.' ఆయనకివ్వండి... చదివారా?"

"ఆయ్."

"ఇలా లాభం లేదు. కిందన ఇంకో ముక్క రాస్తాను. 'డాక్టరు దగ్గరే కాదు. ఇంట్లో, వీధిలో, ఎక్కడా అనకండి. అంటే పింఛను పోతుంది.'"

"ఇంట్లో కూడానాండి?"

"ఇంట్లో అంటూ ఉంటే ఆసుపత్రిలో నోరు ఆగుతుందా? అలవాటు పోవాలంటే ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి."

"నా దగ్గర కూడానా?"

"మీ దగ్గరే ఎక్కువ అంటారని మీరే చెప్పారు."

"చెప్పాననుకోండి."

"మీకూ కాస్త ఇసుగు తగ్గుతుంది."

"తగ్గుతాదండి."

"చదివేశారుగా, ఇప్పుడు చూద్దాం. బుల్లియ్యగారూ, భోజనం చేశారా?"

"పెదాలు బిగించాడండి."

"బావుంది. బుల్లియ్యగారూ, మీది ఏ ఊరు?"

"మెడ నరాలు చూడండి పాపం. చెమటలు పడుతున్నాయి."

"పట్టనివ్వండి. బుల్లియ్యగారూ, మీ అమ్మాయి కులాసానా?"

"ఆగాడండి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు."

"మాటిచ్చినట్టేనా?"

"తలూపాడు కదండి. మాటిస్తే తప్పడు ఈయన."

అప్పీలు గెలిచింది. పెద్దాసుపత్రిలో డాక్టరు ఎన్ని విధాల అడిగినా బుల్లియ్య గోడలా కూర్చున్నాడనీ, వైర్ల పరీక్షలో ఎనభై ఆరు శాతం తేలిందనీ నాగదుర్గకి ఫోనులోనే తెలిసింది. పింఛను మళ్ళీ మొదలైంది. మూడు నెలలు గడిచాక ఒక పొద్దున్న మొగుడూ పెళ్ళాలిద్దరూ మళ్ళీ గుమ్మంలో కనబడ్డారు. పని అయిపోయినవాళ్ళు తిరిగి వచ్చారంటే ఆమె ముందు పింఛను సంగతే అడుగుతుంది.

"ఆగిపోయిందా?"

"లేదండి. ఒకటో తారీకుకే ఇంటికి తెచ్చిచ్చారు."

"శాతం తగ్గించారా?"

"లేదండి. వంజరం చేప ఎండు ముక్కలు తెచ్చాను. రెండు కవర్లు వేసి కట్టాను, వాసన రాదు."

"ఎందుకండీ ఇవన్నీ. ఎవరైనా ఫిర్యాదు పెట్టారా మీ మీద?"

"ఎవరు పెడతారండి. మీ కాలెలా ఉందండి?"

"మూడో ఏట నుంచీ ఎలా ఉందో అలాగే ఉంది. పాపాయిగారూ, ఎందుకొచ్చారు?"

"ఇంకో అర్జీ రాయాలండి."

"దేని మీద?"

"అదే తెలీట్లేదండి. ఏ ఆఫీసుకి పెట్టాలో కూడా తెలీట్లేదు."

"విషయం చెప్పండి. ఆఫీసు సంగతి నేను చూస్తాను."

"ఈయన ఆయ్ అనడం లేదండి."

"మంచిదేగా. దానికేగా అంత తిప్పలు పడ్డాం."

"మంచిదేనండి."

"మరి?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున అన్నం పెట్టి, చాలా అన్నానండి. పళ్ళెం వైపు చూస్తూ కూచున్నాడు. మర్నాడు లేసు అల్లుకుంటూ, ఈసారి డిజైను కష్టంగా ఉందయ్యా, కళ్ళు లాగేస్తున్నాయి అన్నాను. గోడ వైపు చూశాడు. సర్లే, మాటిచ్చాడు కదా అనుకున్నాను."

"ఊఁ."

"ఆ శుక్రవారం అశ్విని ఫోన్ చేసిందండి. కాగితాలు ఇంకో రెండేళ్ళు పొడిగించారంట, ఈ ఏడాది రాదంట. వచ్చి ఈయన ముందు కూచుని చెప్పాను. అంతా చెప్పి ఆగాను. అప్పుడు కూడా ఆ పెదాలు బిగించుకునే ఉన్నాడండి."

"వినబడదని మీకు తెలుసుగా."

"తెలుసండి. పదకొండేళ్ళ నుంచీ తెలుసు. చెవులున్నోళ్ళు మాత్రం ఆఖరిదాకా వింటారాండి? ఇప్పుడు మా ఇంట్లో గడియారం ఒక్కటే చప్పుడు చేస్తాది."

"పింఛను వచ్చేసింది, ఇంట్లో ఆయ్ అనొచ్చని మీరు సైగ చేయలేకపోయారా?"

"చేశానండి. మీరు రాసిన కాగితం తీసి చూపిస్తాడు. జేబులోనే ఉంచుకున్నాడు, చొక్కా మారిస్తే అదీ మారుస్తాడు. ఎక్కడో ఓ ముక్క మీద వేలు పెడతాడు. అది 'ఇంట్లో' అని పక్కింటి లోవలక్ష్మి చదివి చెప్పింది."

"ఆ ముక్క రాయకుండా ఉండాల్సింది నేను."

"అలా అనకండి. మీవల్లే అన్నం తింటున్నాం."

"ఆ కాగితం ఇలా ఇవ్వమనండి."

"ఇవ్వడండి. మీరు చెయ్యి చాపండి, మీకైతే ఇస్తాడు."

"ఇచ్చారు. ఇదిగో చూడమనండి, ఆ ముక్క కొట్టేస్తున్నాను. కింద రాస్తున్నాను. 'బుల్లియ్యగారూ, ఇంట్లో మీ ఆవిడ దగ్గర ఎన్నిసార్లయినా ఆయ్ అనొచ్చు. పింఛను పోదు.' సంతకం పెట్టాను."

"స్టాంపు కూడా వెయ్యండి. స్టాంపు లేకపోతే నమ్మడు."

"మా వికలాంగుల సంఘం స్టాంపే ఉంది."

"గుండ్రంగా ఉంటే చాలండి."

"వేశాను. ఇవ్వండి."

"చదువుతున్నాడండి... 'ఇంట్లో' దగ్గర ఆగాడు... మళ్ళీ మొదట్నించీ చదువుతున్నాడు."

"కంగారుపెట్టకండి. చదవనివ్వండి."

"స్టాంపు మీద వేలు పెట్టి రుద్ది చూస్తున్నాడు. ఏదో అనబోతున్నాడండి."

"మేడంగారండీ, గొంతు పెద్దదైతే ఏమనుకోకండి, నాకు తెలీదు. ఇంట్లో అనొచ్చని రాశారు, స్టాంపు కూడా వేశారు. దేనికనాలండి? ఇంట్లో ఇది నా ముందు నోరు కదిపి రెండు నెలలైంది."